రిటర్న్స్ బల్ల దగ్గర ఆయన

మా అత్తగారి మందుల పార్సిల్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. తెచ్చినతను బండికి స్టాండు వేసేలోపే నేను మాటలు సిద్ధం చేసుకున్నా. ఆలస్యమైంది కాబట్టి ఎంతో కొంత తగ్గించాలి. కుదరదంటే వచ్చేసారి డెలివరీ చార్జీ అయినా వదిలెయ్యాలి. అదీ కాదంటే ఓ క్యాలెండరైనా ఇవ్వాలి. కొట్లో పుట్టి కొట్లోనే మెట్టినదాన్ని. తగ్గించమని అడక్కుండా వస్తువు చేతిలోకి తీసుకుంటే ఆ పూట నాకు అన్నం సయించదు.

"ఏం నాయనా, ఇంత లేటా?" అన్నా.

"సారీ అండీ. లోపల ఓకే కొట్టే సారు పోయారు. కొత్తవాళ్ళు జాయినయ్యేదాకా ఆర్డర్లు ఆగిపోయాయి. ఓటీపీ చెప్పండి."

"పోయారంటే? మానేశారా?"

"కాదండీ, పోయారు. ఆదివారం, జగ్గయ్యపేటలో ఇంటి దగ్గరే. గుండె అంట. ఓటీపీ అండీ..."

ఓటీపీ చెప్పా. తగ్గించమని అడగలేదు. అతను వెళ్ళిపోయాక కవరు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డా. ఒక మనిషి పోయాడన్న కబురు, సరుకు ఆలస్యానికి సంజాయిషీగా మా నందిగామ ఇంటికొచ్చింది. ఇదే మాట ఆ పోయినాయనకే చెబితే నొచ్చుకునేవారు కాదు. "ఎవరి మందు ఆగిపోయింది?" అని మాత్రం తప్పకుండా అడిగేవారు.

జగ్గయ్యపేటలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. పక్కనే మందుల షాపు. దానికి షావుకారు వేరే ఉన్నా, ఊళ్ళో అందరికీ అది ఆయన షాపే. ఫార్మసీ చదివిన పట్టా గోడకి వేలాడుతుండేది, దాని కింద ఆయన నిలబడేవారు. కూర్చోగా నేను చూడలేదు. కళ్ళజోడుకి నల్లతాడు, జేబులో కత్తెర, మొహంలో ఎప్పుడూ ఓ రకమైన విసుగు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు "డాక్టర్ గారూ" అంటే ఆ విసుగు ఇంకొంచెం పెరిగేది.

"నేను డాక్టర్ని కాదు. డాక్టర్ రాసింది చదివేవాణ్ణి. అదే కష్టం."

మా వ్యాపారంలో మొదటి పాఠం, వస్తువుని ముందు కొనేవాడి చేతిలో పెట్టెయ్యడం. గిన్నె చేతిలోకొస్తే అటూ ఇటూ తిప్పుతాడు, వేలితో కొట్టి చప్పుడు వింటాడు. అప్పటికే సగం కొనేసినట్టు. ఆయన పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉండేది. మందులన్నీ బల్ల మీద పెట్టి, వాటి మీద అరచెయ్యి బోర్లించేవారు. డబ్బులు తీసుకున్నా చెయ్యి తీసేవారు కాదు.

"ఇప్పుడు చెప్పు. ఏది ఎప్పుడు?"

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నారుగా."

"నేనన్నది నాకు తెలుసు. నువ్వు చెప్పు."

అవతలివాళ్ళు తడబడుతూ చెప్పేవాళ్ళు. తప్పు చెబితే మళ్ళీ మొదటికి. వెనకాల పదిమంది గొణుక్కుంటున్నా ఆయనకి పట్టేది కాదు. మా నాన్న మా కొట్టు మెట్ల మీద నుంచి చూసి నవ్వేవాడు. "ఈయన అక్కడ అమ్మడానికున్నాడా, కాపలాకున్నాడా?"

పెళ్ళి కాకముందు, మా అమ్మకి బీపీ మొదలైన కొత్తలో మందులు తేవడానికి నేనే వెళ్ళేదాన్ని. మొదటిసారే బేరం పెట్టా. పక్క కొట్టువాళ్ళం, రోజూ మొహాలు చూసుకునేవాళ్ళం, మీ షావుకారు మా దగ్గర బిందెలు కొంటారు అని ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చా. అంతా విన్నారు.

"రేటు తగ్గదు. మందు తగ్గుతుందేమో చూద్దాం. ఇంట్లో ఏమున్నాయి?"

"ఇంట్లోనా? గోంగూర పప్పు, వడియాలు ఉన్నాయి బాబాయ్ గారూ" అన్నా వెక్కిరింతగా.

"మందులు, అమ్మాయ్. మీ అమ్మ మింగేవన్నీ. అట్టలు కూడా పారెయ్యకుండా ఓ సంచిలో వేసుకురా."

విసుక్కుంటూనే తెచ్చా. కడుపులో మంటకని ఓ డాక్టర్ రాసిన బిళ్ళ, గ్యాసుకని ఇంకో డాక్టర్ రాసిన బిళ్ళ, రెండూ ఒకే జాతివి. అక్కడికక్కడే డాక్టర్ గారికి ఫోన్ చేశారు. ఒకటి మానిపించారు. అంటే రేటు తగ్గించకుండా బిల్లు తగ్గించారన్నమాట. ఆ బేరంలో నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. ఓడి లాభపడటం మా వంశంలో అలవాటు లేదు.

నా పెళ్ళయి నందిగామ వచ్చేశా. మా అత్తవారిది బట్టల కొట్టు. ఇటు నేను చీరల మడతల మధ్య ఉంటే, అటు పేటలో ఆ షావుకారు వయసు మీద పడి మందుల షాపు ఓ కంపెనీకి అప్పజెప్పేశాడు. ఆ కంపెనీకి చుట్టుపక్కల ఇంకా షాపులున్నాయి. నందిగామలో రోడ్డు మీద పెద్దది పెట్టారు, ఈయన్ని అక్కడికి మార్చారు. జీతం పెంచారు. రోజూ పేట నుంచి బస్సులో వచ్చేవారు.

మా వీధి చివరే కాబట్టి మొదటి వారమే వెళ్ళి చూశా. షాపు పెళ్ళివారి విడిదిలా తెల్లగా మెరిసిపోతోంది. యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు అరల నెంబర్లు చూసి మందులు తీస్తున్నారు, యంత్రం కిక్కుమని గీతలు చదువుతోంది, బిల్లు దానంతటదే వస్తోంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈయన ఏరీ అని చూస్తే వెనకాల అద్దాల గదిలో ఉన్నారు. కూర్చుని ఉన్నారు! ఆ మనిషిని కుర్చీలో చూడటం అదే మొదటిసారి.

ఆయన పని మారిపోయింది. షాపుకొచ్చినవాళ్ళ చీటీలు, ఫోన్లో ఆర్డరు పెట్టినవాళ్ళ చీటీలు అన్నీ ఫొటోలుగా ఆయన ముందున్న తెర మీదికొస్తాయి. చీటీలో ఉన్నదీ తీసిన మందూ ఒకటేనని చూసి ఓకే నొక్కాలి. ఒక్కో ఆర్డరుకీ తెర మూల గడియారం తిరుగుతుంటుంది. ఆగితే ఎర్రబడుతుంది. మందు కవర్లో పెట్టి అంటించేస్తారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవడానికి ఆయనకి వీల్లేదు.

"బాగుందిగా బాబాయ్ గారూ, ఏసీ, కుర్చీ" అన్నా గదిలోకి తొంగి చూసి.

"చీటీలు కనపడతాయమ్మా. మనుషులు కనపడరు. వాళ్ళు వింటున్నారో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు, కళ్ళు తెర మీద నుంచి తీయకుండా.

మరుసటి నెలలో ఓ మధ్యాహ్నం మా బట్టల కొట్టుకొచ్చారు. భోజనం వేళ, జనం లేరు. చీర కొనడానికేమో అని నేను రెండు మంచి రకాలు కిందికి దించా కూడా. ఆయన చీరల వైపు చూడనే లేదు.

"అమ్మాయ్, బేరం ఎలా చేస్తారు?"

నాకు నవ్వాగలేదు. చేపొచ్చి ఈత ఎలాగని అడిగినా అంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు. విషయం ఏమిటంటే, కంపెనీ మేనేజరు మర్నాడు వస్తున్నాడు. ఈయనకి రోజులో కాసేపైనా జనం ముందు నిలబడే వీలు కావాలి. అదొక్కటే. అది లేకపోతే తను అక్కడ ఉన్నా లేనట్టే, గోడ మీద పట్టా ఉంటే చాలు అన్నారు.

"సరే. నేనే మేనేజరుని. అడగండి."

గొంతు సవరించుకున్నారు. "సార్, నాకు కౌంటర్లో ఓ గంట ఇస్తే చాలు. కుదరకపోతే అరగంటైనా ఫరవాలేదు. అదీ కుదరకపోతే..."

"ఆగండాగండి! నేనింకా నోరు తెరవకుండానే మీరే తగ్గించుకుంటూ పోతున్నారు. మీలాంటివాళ్ళు రోజుకి నలుగురొస్తే మా కొట్టుకి మూడంతస్తులు లేచేవి."

"మరేం చెయ్యాలి?"

"మీక్కావాల్సింది అడక్కూడదు. అడిగితే దాని ధర పెరుగుతుంది. వాళ్ళకి అక్కర్లేనిది అడగాలి. ఆ షాపులో ఎవరికీ పట్టని పనేదైనా ఉందా?"

"రిటర్న్స్" అన్నారు.

వాడని మందులు వెనక్కి తీసుకునే చోటది. మెట్ల కింద, మంచినీళ్ళ క్యాను పక్కన ఓ బల్ల. అక్కడికొచ్చేవాళ్ళంతా పోట్లాటకే వస్తారు కాబట్టి అమ్మాయిలు వంతులేసుకుని, తిట్టుకుంటూ కూర్చుంటారు.

"అడగండి. సంతోషంగా కాదు. మొహం చిట్లించి, వాళ్ళకేదో సాయం చేస్తున్నట్టు."

"మొహం చిట్లించడం నాకు చాతనవును" అన్నారాయన సీరియస్‌గా.

అది కూడా చేతకాలేదని తర్వాత తెలిసింది. మేనేజరు ముందు చిన్నపిల్లాడిలా మొహం వెలిగించుకుని అడిగారట. మేనేజరుకే అనుమానమొచ్చి, ఇందులో ఏదో ఉందని గుచ్చి గుచ్చి అడిగి, ఏమీ దొరక్క ఇచ్చేశాడు. ఆర్డర్లు పలచబడే మధ్యాహ్నం పూట కాసేపు. కుర్చీ వద్దన్నారు ఈయన.

ఇక్కడ నా తెలివి గురించి కొంచెం గొప్పగా చెప్పుకుందామనుకున్నా గానీ, ఆ బల్ల విలువ నాకు తెలియనే తెలియదు. ఆయనకి తెలుసు. మందులు కొనడానికొచ్చేవాడు ఉత్త చేతులతో వస్తాడు. తిరిగివ్వడానికొచ్చేవాడు ఇంట్లో ఉన్నవి మోసుకొస్తాడు.

ఓ రోజు మా అత్తగారికి రాసిన సిరప్ మారిపోతే తిరిగిద్దామని వెళ్ళా. నా ముందు చెవిటికల్లు నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. మనవడి ఫోన్లో ఆర్డరు పెట్టించుకుంటుందట. వాడగా మిగిలిన, విప్పని నీలం అట్ట ఒకటి బల్ల మీద పడేసింది.

"ఇది వద్దయ్యా. నాకు పడట్లేదు. ఇది మొదలెట్టిన కాణ్ణించి పొద్దున లేస్తే ఇల్లు గిర్రున తిరుగుతంది. నా పాత గులాబీ రంగుదే బంగారం."

"పాతది ఉందా?"

"ఎందుకు లేదూ." కొంగుముడి లోంచి సగం వాడిన గులాబీ అట్ట తీసింది.

"ఇదీ వేసుకుంటున్నావా?"

"అయ్యో, బీపీ బిళ్ళ మానతానా? ఇదీ ఏసుకుంటన్నా, కొత్తగా పంపిన ఆ నీలందీ ఏసుకుంటన్నా. డబ్బులు పోసి కొన్నాం గదా."

ఆయన రెండు అట్టలూ పక్కపక్కన పెట్టారు. పెద్దక్షరాలు వేరు. కింద చీమల్లాంటి అక్షరాలు ఒకటే. గులాబీది దొరక్కపోతే అదే మందు వేరే కంపెనీది పంపారు. తప్పేమీ కాదు, చీటీ ప్రకారం సరిగ్గానే ఉంది. తెర మీద దానికి ఓకే నొక్కింది కూడా ఈయనే.

"రెండూ ఒకటేనమ్మా. చీర మార్చుకున్న ఒకే మనిషి. నువ్వు బీపీ బిళ్ళ రెట్టింపు మింగుతున్నావు. కళ్ళు తిరగవూ మరి?"

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మరి ఆ పొట్లం మీద చెప్పలేదే?"

"పొట్లం ఎలా చెబుతుంది? చెప్పాల్సినవాణ్ణి లోపల కూర్చోబెట్టారు."

ఈయన ఆవిడ డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆవిడ్ని అక్కడికే నేరుగా వెళ్ళమని పంపి, అప్పుడు నా వైపు తిరిగారు. "ఓకే నేనే నొక్కానమ్మాయ్" అన్నారు. అంతే. నా సిరప్ సీసా మూత చూసి, విప్పారు కాబట్టి తీసుకోనన్నారు. ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యడానికి రాయడం లేదు నేను. ఆయన బల్ల దగ్గర అపరాధాలూ జరిగాయి. చందర్లపాడు రైతొకాయన సంచి బోర్లిస్తే మూడు రకాల షుగర్ బిళ్ళలు కనపడ్డాయి. ఇక చూడాలి. షాపంతా వినపడేలా కేకలు. ప్రాణం మీదికి తెచ్చుకుంటావా, చదువుకోలేదా, ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని. ఆ రైతు నిమ్మళంగా అంతా విని, "ఇది మా అమ్మది, ఇది మా ఇంటిదానిది, ఇది నాది. ఇంట్లో ఏమున్నాయో తెమ్మన్నారు, తెచ్చా. ఎవరివని మీరడగలేదుగా" అన్నాడు. క్యూలో అందరూ నవ్వారు. ఈయన మాత్రం నవ్వకుండా, చాలా గౌరవంగా, "నిజమేనండీ" అన్నారు. ఆ రోజు నుంచి "ఎవరివి?" అన్న ప్రశ్న కూడా చేరింది.

రానురాను వాపసు ఇవ్వడానికేమీ లేనివాళ్ళు కూడా ఆ బల్ల దగ్గరికి సంచులతో రావడం మొదలెట్టారు. కొన్నవాటి అంటించిన కవర్లు కూడా అక్కడే చింపి చూపించేవాళ్ళు. కంపెనీకి ఇది నచ్చలేదు. నచ్చకపోవడంలో అన్యాయం కూడా లేదు, మాదీ వ్యాపారమే, తెలుసు. రిటర్న్స్ తగ్గాల్సింది పోయి, అక్కడ జనం పెరగడం ఏ షావుకారుకి ఇష్టం? ఇక మీదట వాపసు మందులు ఇంటి దగ్గరే డెలివరీవాళ్ళు తీసుకుంటారు, బల్ల తీసేస్తాం అని చెప్పారు.

అప్పుడు మళ్ళీ నా దగ్గరికొచ్చారు. ఈసారి నా దగ్గర ఉపాయం లేదు.

"మీ దగ్గర బేరానికి ఏమీ మిగల్లేదు బాబాయ్ గారూ" అని ఉన్నమాట చెప్పా.

"అంతేనంటావా?" అని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన షాపుకెళ్ళి, గోడ మీది పట్టా దించి, తువ్వాల్లో చుట్టుకుని బయటికి నడిచారు. ఫార్మసిస్టూ, ఆయన పట్టా లేకుండా మందుల షాపు నడపకూడదు. మేనేజరుకి ఫోన్ వెళ్ళింది. ఈయన బస్టాండు దాకా వెళ్ళిపోయారు. పేట బస్సు ఇంకా రాలేదు. షాపు నుంచి ఇద్దరు పరిగెత్తుకెళ్ళి వెనక్కి పిలుచుకొచ్చారు. బల్ల ఉంచుతామన్నారు.

సాయంత్రం వెళ్ళి అభినందించా. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వెయ్యడం మా విద్యలో ఆఖరి అస్త్రం. చెవులు వెనకే ఉండాలి, అడుగులు చిన్నవిగా పడాలి, పిలుస్తారని నమ్మకముంటేనే కదలాలి.

"పిలుస్తారని తెలిసే నడిచారు కదూ? భలేవారే!"

"లేదమ్మా" అన్నారు వింతగా చూసి. "బస్సుంటే ఎక్కేసేవాణ్ణే."

నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నో కొట్ల ముందు నుంచి కోపంగా నడిచి వెళ్ళిపోయా. ఒక్కసారీ నిజంగా వెళ్ళలేదు. ఆ మాటతో నా విద్య అంతా నాకే చవగ్గా కనిపించింది.

ఆ తర్వాత చివరిదాకా బల్ల ఉంది. ఆయనా ఉన్నారు. పొద్దునంతా అద్దాల గదిలో ఓకేలు, మధ్యాహ్నం మెట్ల కింద సంచులు. పోయిన నెల చూసినప్పుడు కొంచెం ఆయాసపడుతున్నారు. "మీ ఇంట్లో ఏమున్నాయి బాబాయ్ గారూ, మీరు వేసుకునేవి?" అని ఆటపట్టించా. "నా సంగతి మా ఆవిణ్ణడుగు. సంచి ఆవిడ దగ్గరుంది" అన్నారు.

కబురు తెలిసిన మర్నాడు పేట వెళ్ళి ఆవిణ్ణి పలకరించి వచ్చా. వస్తూ వస్తూ నందిగామలో మందుల షాపు దగ్గర దిగా. ఎందుకు దిగానో చెప్పలేను. కొనాల్సిందేమీ లేదు.

కొత్త పట్టా అప్పటికే గోడకెక్కింది. అద్దాల గదిలో ఓ యువతి కూర్చుంది, కొత్త ఫార్మసిస్టు. చక్కగా, చకచకా పని చేసుకుపోతోంది. మెట్ల కింద బల్ల లేదు. నీళ్ళ క్యాను ఒకటే ఉంది. ఆ అమ్మాయి చేరకముందే తీయించేసినట్టున్నారు. అక్కడ అలాంటిదొకటి ఉండేదని ఆమెకి తెలిసే అవకాశం కూడా లేకుండా పోయింది. ఎవరిని తప్పుపట్టను? చేతికొచ్చిన అవకాశం ఏ వ్యాపారి వదులుకుంటాడు? నేనైనా అదే చేసేదాన్నేమో.

బల్ల ఉండే చోట ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. గరికపాడు నుంచి వచ్చాడట, చేతిలో మందుల సంచి. బిల్లింగ్ అమ్మాయిని ఒకసారి అడిగాడు, "లోపల ఓకే అయిపోయింది తాతా, తీసుకెళ్ళు" అంది ఆమె. మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు. సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తటపటాయించి, నా వైపు చాపాడు.

"అమ్మా, జర ఇవి చూసి చెబుతవా? రెండు తీర్లవి ఉన్నయి. రెండూ ఏసుకోవాల్నా?"

సంచి తీసుకున్నా. అట్టలు చూశా. రంగులు తప్ప నాకేమీ తెలియలేదు. చీరైతే చేత్తో పట్టుకుని నేత చెబుతా, గిన్నెయితే చప్పుడు విని రేకు మందం చెబుతా. ఇది నా సరుకు కాదు.

"నాకు తెలీదు తాతా. తెలిసినావిడ లోపలుంది" అని ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, అద్దం మీద వేలితో కొట్టా.

ఆ అమ్మాయి తలెత్తింది. నా చేతిలో సంచి చూసి, బిల్లింగ్ అటు అన్నట్టు మర్యాదగా చెయ్యి చూపించింది. మళ్ళీ తెర వైపు తిరిగింది. తెర మూల ఏదో ఎర్రబడుతోంది.

నేను కదల్లేదు. పెద్దాయనా కదల్లేదు. ఈసారి గుప్పిట బిగించి కొట్టా.